అల్యూమినియం రేకు: కడ్డీ రేటు ఒకటైనా కాయిల్ రేట్లు వేరెందుకు?
హాట్ మిల్లులో జరిగేదాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటరు నమూనాలు

(మా వాణిజ్య విలేఖరి)

2025 సెప్టెంబరులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఆస్వీగో పట్టణంలో గల నోవెలిస్ కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి అక్కడి హాట్ రోలింగ్ మిల్లు నిలిచిపోయింది. దరిమిలా ఫోర్డ్ కంపెనీ తన ఎఫ్-150 ట్రక్కుల ఉత్పత్తిని తగ్గించుకోవలసి వచ్చింది. ఇది అల్యూమినియం కడ్డీల కొరత వల్ల వచ్చిన చిక్కు కాదు. డబ్బు పెడితే కడ్డీ ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిదల్లా ఆ లోహాన్ని ఫలానా తీరున వేడి మీద సాగదీసిన రేకు. వేరొక మిల్లు నుంచి అదే మిశ్రమం, అదే మందం గల రేకు తెప్పించినా, అది ప్రెస్సు కింద అదే విధంగా ఒదుగుతుందని పరీక్షించి తేల్చుకునేదాకా కార్ల కంపెనీ దాన్ని వాడుకకు పెట్టదు. ఆ పరీక్షలకు నెలలు పడుతుంది.

నోవెలిస్ మనకు పరాయి కంపెనీ కాదు. 2007లో హిందాల్కో దాన్ని కొన్నది. అయితే ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ప్రమాదం సంగతి కాదు. ఒకే రసాయన మిశ్రమం, ఒకే మందం ఉన్న రెండు రేకులు ఒకే సరుకు ఎందుకు కావు? ఆ తేడా మిల్లులో ఎక్కడ పుడుతుంది? దాన్ని కంప్యూటరు ముందే ఎలా పసిగడుతున్నది? రేకు కొని అమ్మేవారికి ఇది అక్కరలేని శాస్త్రం కాదు.

బిల్లులో మూడవ పద్దు

అల్యూమినియం రేకు బిల్లు ఎలా వేస్తారో వర్తకులకు తెలియనిది కాదు. మొదట లండన్ మెటల్ ఎక్స్చేంజి రేటు. దానిపై ప్రాంతాన్ని బట్టి ప్రీమియం. ఆపైన మిల్లు వసూలు చేసే రోలింగ్ చార్జీ. మొదటి రెండూ రోజూ తెర మీద కనిపించేవే. బ్రోకర్లకు అవి కంఠతా వస్తాయి. మూడవ పద్దే అంతుపట్టదు. గిన్నెల తయారీకి వాడే మామూలు సర్కిళ్ళకు అది తక్కువ. శీతల పానీయాల డబ్బాల రేకుకు ఎక్కువ. కార్ల పైరేకుకు ఇంకా ఎక్కువ. విమానాల రెక్కలకు వాడే మందపాటి పలకకైతే చెప్పనక్కరలేదు. కొనుగోలుదారు ఈ మూడవ పద్దు కింద చెల్లించేది కరెంటు ఖర్చుకూ, కూలీలకూ మాత్రమే కాదు. లోహం లోపలి సూక్ష్మ నిర్మాణం ఫలానా విధంగా ఉంటుందన్న మిల్లు హామీకి కూడా.

ఆ హామీ తప్పితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చూడవచ్చు. ఇవి బజారు రేట్లు కావు, కేవలం లెక్క కోసం అనుకున్నవి. లోహం విలువ కిలోకు 250 రూపాయలు, రోలింగ్ చార్జీ 60 రూపాయలు అనుకుందాం. పది టన్నుల కాయిల్‌కు లోహం 25 లక్షలు, చార్జీ 6 లక్షలు, వెరసి 31 లక్షలు. ఆ కాయిల్ కొనుగోలుదారు ప్రెస్సులో పనికిరాదని తేలి, లోహం విలువలో పదో వంతు కోతతో తుక్కు కింద పోయిందనుకుంటే చేతికి వచ్చేది 22.5 లక్షలు. నష్టం 8.5 లక్షలు. లోహం ధర పడిపోవడం వల్ల ఇంత నష్టం రావాలంటే బజారు 34 శాతం కుప్పకూలాలి. నాలుగైదు శాతం ఒడిదుడుకులకు భయపడి ఎల్.ఎమ్.ఇ.లోనో, మన ఎం.సి.ఎక్స్.లోనో వాయిదా బేరం చేసి రక్షణ పొందే వర్తకుడు, ఈ నష్టానికి మాత్రం ఏ వాయిదా బేరంతోనూ రక్షణ పొందలేడు. రేకు గుణానికి వాయిదా మార్కెట్ లేదు.

రేకు లోపల

ఉప్పు రాశిలో పలుకులు ఉన్నట్లే లోహంలోనూ పలుకులు ఉంటాయి. వాటిని రేణువులు అందాం. రేకులో ఒక్కొక్క రేణువు సాధారణంగా మిల్లీమీటరులో కొన్ని వందల వంతుల పరిమాణంలో ఉంటుంది. ప్రతి రేణువులోనూ పరమాణువులు బారులు తీరి ఉంటాయి. అయితే ఒక రేణువులోని బారులు ఒక దిక్కుకు మొగ్గితే పక్కదానిలోనివి వేరొక దిక్కుకు మొగ్గుతాయి. రేణువుల పరిమాణం, అవి ఏ దిక్కుకు మొగ్గి ఉన్నాయి అన్నది, వాటి మధ్య చెదురుమదురుగా ఉన్న ఇనుము, మాంగనీసు కలిసిన గట్టి కణాల సైజు, ఇవన్నీ కలిసి సూక్ష్మ నిర్మాణం అవుతాయి. రేకు ఎలా వంగుతుంది, ఎక్కడ చిరుగుతుంది, పైన ఎంత నున్నగా ఉంటుంది అన్నది దీన్నిబట్టే.

అనకాపల్లి బెల్లం బేరం తెలిసినవారికి ఈ సంగతి వింతగా తోచదు. చెరకు రసం అదే అయినా పాకం ఎక్కడ దింపారన్నదాన్ని బట్టి రంగు మారుతుంది, పలుకు మారుతుంది, రేటు మారుతుంది. అల్యూమినియంలో పాకం పట్టే చోటు హాట్ మిల్లు.

పోతపోసిన అల్యూమినియం స్లాబు సుమారు అర మీటరు మందం ఉంటుంది. పై పొర చెక్కివేసి, కొలిమిలో 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా గంటల తరబడి నానబెడతారు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల వద్ద. మిశ్రమాలు అంతకంటె ముందే కరగడం మొదలుపెడతాయి కనుక ఈ వేడి కత్తి మీద సాము. ఆ తర్వాత రివర్సింగ్ మిల్లులో స్లాబును ముందుకూ వెనక్కూ పదిహేను, ఇరవై దఫాలు నడిపి రెండు మూడు సెంటీమీటర్ల మందానికి తెస్తారు. అక్కడి నుంచి వరుసగా మూడు నాలుగు స్టాండ్లు ఉండే టాండెం మిల్లులోకి పంపి, రెండు మూడు మిల్లీమీటర్ల పట్టీగా మార్చి, ఇంకా 300 డిగ్రీలకు పైగా వేడి ఉండగానే కాయిల్‌గా చుడతారు. ఐదు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అర మీటరు మందం గల స్లాబు సుమారు పది టన్నులు తూగుతుంది. దాన్ని 2.5 మిల్లీమీటర్లకు తెస్తే మందం 200 రెట్లు తగ్గి పొడవు కిలోమీటరు అవుతుంది.

ఇంతగా నలిగిన లోహం లోపల ఊరుకోదు. రోలర్ల మధ్య నలిగినపుడు పరమాణువుల బారుల్లో తప్పులు పడతాయి. వీటిని శాస్త్రజ్ఞులు స్థానభ్రంశాలు అంటారు. ఇవి పెరిగేకొద్దీ లోహం బిగుసుకుంటుంది, లోపల శక్తి నిల్వ చేరుతుంది. వేడి మీద ఉన్నందున ఆ తప్పులు కొన్ని వెంటనే సర్దుకుని, గోడలు కట్టినట్లుగా వరుసల్లో నిలబడి రేణువును చిన్న చిన్న గదులుగా విభజిస్తాయి. అల్యూమినియంలో ఈ సర్దుబాటు గుణం బాగా ఎక్కువ. అందుకే మిల్లు రోలర్ల మధ్య ఉన్న క్షణంలో దీనిలో కొత్త రేణువులు సాధారణంగా పుట్టవు. రోలరు దాటి బయటికి వచ్చాక, తర్వాతి దఫాకు ముందున్న విరామంలోనో, కాయిల్ చుట్టాకనో, నిల్వ ఉన్న శక్తి పుణ్యమా అని పాత నలిగిన రేణువుల స్థానంలో కొత్తవి పుట్టి పెరుగుతాయి. దీన్ని పునఃస్ఫటికీకరణ అంటారు. మాట పెద్దదే గాని సంగతి ఇంతే. కొత్త రేణువులు ఎన్ని, ఎంత పెద్దవి, ఏ దిక్కుకు మొగ్గాయి అన్నదే వ్యాపారంలో లాభనష్టాల ముడి.

చెవులు, నారింజ తొక్క, గాళ్ళు

బేగం బజారు పాత్రల వర్తకులకైనా, కుక్కర్ల తయారీదార్లకైనా చెవుల బెడద తెలిసినదే. గుండ్రటి సర్కిలును అచ్చులో నొక్కి గిన్నెగా దింపితే అంచు సమంగా రాకుండా నాలుగు చోట్ల పైకి లేస్తుంది. ఆ ఎత్తులను కోసివేయాలి. కోసినది తరుగు. రేణువులన్నీ ఒకే దిక్కుకు మొగ్గితే రేకు ఒక దిశలో ఎక్కువగా, మరో దిశలో తక్కువగా సాగడమే దీనికి కారణం.

రేణువులు మరీ పెద్దవైతే వేరొక జబ్బు. నొక్కినచోట రేకు పైభాగం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. బలానికి లోటు లేకపోవచ్చు గాని, మెరుగు పట్టించినా పోని ఆ గరుకు వల్ల సరుకు రెండో రకం కిందికి పోతుంది. కార్ల పైరేకుగా వాడే 6000 వరుస మిశ్రమాలలో మరొకటి ఉన్నది. ఒకే మొగ్గు గల రేణువులు రోలింగ్ దిశలో బారులుగా మిగిలిపోతే, రేకును సాగదీసినపుడు ఆ వెంబడే సన్నని గాళ్ళు లేస్తాయి. రంగు వేశాక కూడా కనబడతాయి. ఆ రేకుతో చేసిన కారు తలుపును ఎవరూ కొనరు. ఈ బారులకు మూలం చాలావరకు హాట్ మిల్లు నుంచి వచ్చిన పట్టీలోనే ఉంటుంది. తర్వాత కోల్డ్ మిల్లులో ఎంత జాగ్రత్త పడినా పూర్తిగా మాసిపోదు.

మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో రసాయన శాతాలు, మందం, తన్యబలం, సాగుడు శాతం ఉంటాయి. కొనుగోలుదారు ప్రత్యేకంగా అడిగితే తప్ప చెవుల శాతం గాని, రేణువుల సైజు గాని అందులో సాధారణంగా ఉండదు. చిక్కంతా ఇక్కడే.

వేడి, వేగం: రెండింటికీ ఒకే అంకె

పూర్వం ఈ పాకం అంతా మిల్లు ఫోర్‌మన్ అనుభవంలో ఉండేది. ఏ దఫాలో ఎంత నొక్కాలి, ఏ వేడిలో కాయిల్ చుట్టాలి అన్నది చేతివాటం, చేదు అనుభవాలు నేర్పేవి. కొత్త మిశ్రమం వచ్చినపుడల్లా టన్నుల కొద్దీ స్లాబులు పరీక్షకు బలి అయ్యేవి. ఒక్క స్లాబు పది టన్నులు తూగే చోట ప్రయోగమంటే మాటలు కాదు. ఆ ప్రయోగాలను కాగితం మీద, ఇప్పుడు కంప్యూటరులో చేయడమే నమూనా నిర్మాణం.

దీనికి పునాది 1944లో పడింది. క్లారెన్స్ జీనర్, హాలమన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఉక్కు మీద పనిచేస్తూ ఒక సంగతి కనిపెట్టారు. లోహాన్ని వేడి తగ్గించి నొక్కడం, వేగం పెంచి నొక్కడం, రెండింటి ఫలితం ఒకే దారిలో పోతుంది. కనుక వేడినీ వేగాన్నీ కలిపి ఒకే అంకెలో ఇమిడ్చవచ్చు. ఆ అంకెకు జీనర్-హాలమన్ పరామితి అని పేరు. జెడ్ అనే అక్షరంతో సూచిస్తారు. 1966లో సెల్లార్స్, టెగార్ట్ అనేవారు ఈ జెడ్‌ను బట్టి లోహం రోలర్లకు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే సమీకరణం ఇచ్చారు. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో సెల్లార్స్, ఆయన సహచరులు ఇదే బాటలో హాట్ రోలింగ్ లెక్కలను ముందుకు తీసుకుపోయారు.

ఈ జెడ్ అంకె చక్రవడ్డీ వంటిది. వాణిజ్యశాస్త్రం చదువుకున్న ఈ విలేఖరికి అలా చూస్తేనే బోధపడింది. వేడిలో చిన్న తేడా ఫలితంలో రెట్ల మీద రెట్లుగా కనబడుతుంది. అల్యూమినియానికి వాడే మామూలు స్థిరాంకంతో, అనగా మోలుకు 156 కిలోజౌళ్ళతో లెక్క వేస్తే, రోలింగ్ ఉష్ణోగ్రత 450 డిగ్రీల నుంచి 350కి పడితే జెడ్ సుమారు 65 రెట్లు అవుతుంది. అనగా వంద డిగ్రీల చల్లదనం, లోహాన్ని 65 రెట్లు వేగంగా నొక్కినదానితో సమానం. అంతదూరం పోనక్కరలేదు. 350 డిగ్రీల వద్ద ముగియవలసిన పట్టీ 330 వద్ద ముగిస్తే జెడ్ 2.7 రెట్లు అవుతుంది. ఆ ఇరవై డిగ్రీల లోటును వేగంతో సర్దాలంటే మిల్లు వేగాన్ని మూడో వంతుకు కాస్త పైన ఉండేలా తగ్గించాలి. ఏ మిల్లు యజమానీ దానికి ఒప్పుకోడు, ఉత్పత్తి పడిపోతుంది. కొలిమి వద్ద స్లాబు కొద్ది నిమిషాలు ఆలస్యమైతే మిల్లు ఇంజనీరు ఎందుకు కంగారు పడతాడో ఈ లెక్క చెబుతుంది.

జెడ్ తెలిస్తే రేణువుల లోపలి గదుల పరిమాణం తెలుస్తుంది. జెడ్ పెరిగితే గదులు చిన్నవవుతాయి, లోపలి శక్తి నిల్వ ఎక్కువవుతుంది. శక్తి నిల్వ తెలిస్తే కొత్త రేణువులు ఎంత త్వరగా పుడతాయో చెప్పవచ్చు. ఇక్కడ మరొక పాత లెక్క అక్కరకు వస్తుంది. 1937లో సోవియట్ గణితవేత్త కొల్మొగొరోవ్, 1939లో అమెరికాలో జాన్సన్, మెల్, అదే సంవత్సరం మొదలుకొని అవ్రామి ఎవరికి వారుగా దీన్ని రాబట్టారు. పని సగం పూర్తికావడానికి పట్టే కాలాన్ని ఆధారం చేసుకుని, ఏ క్షణానికి ఎంత శాతం పూర్తయిందో ఈ సూత్రం చెబుతుంది. అల్యూమినియానికి తరచు వాడే ఘాతం రెండు పెట్టి చూస్తే, సగం పని ఇరవై సెకన్లలో అయ్యే చోట పది సెకన్లకు అయ్యేది 16 శాతమే. ఇరవై సెకన్లకు 50. నలభై సెకన్లకు 94. అంటే రెండు దఫాల మధ్య విరామం పది సెకన్లా, నలభై సెకన్లా అన్నదాన్ని బట్టి తర్వాతి దఫాలో రోలర్ల కిందికి వెళ్ళేది నలిగిన పాత లోహమా, కొత్తగా పుట్టిన లోహమా అన్నది తేలుతుంది. ఒక దఫాలో వచ్చిన తేడా తర్వాతి దఫాకు ఓపెనింగ్ బ్యాలెన్సు. ఇరవై దఫాల ఖాతా ఇలా ఒకదాని నుంచి మరొకదానికి మోసుకుపోవలసినదే. ఇది చేతితో వేసే లెక్క కాదు గనుకనే కంప్యూటరు వచ్చింది.

మరొక చిక్కు కూడా ఉన్నది. స్లాబు అంతా ఒకే వేడిలో ఉండదు. రోలరు తగిలే పైభాగం చల్లబడుతుంది, రోలరు ఒరిపిడికి అడ్డంగా కూడా జరుగుతుంది. మధ్యభాగం వేడిగా, కేవలం నలిగినట్లుగా ఉంటుంది. కనుక పై పొరకు ఒక జెడ్, నడుమకు వేరొక జెడ్. స్లాబును వేలాది చిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కొక్క ముక్కలో వేడినీ ఒత్తిడినీ లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని ఇందుకు వాడతారు. ఆ పద్ధతి ఇచ్చిన వేడి, వేగం, నొక్కుడు అంకెలను ముక్క ముక్కకూ పైన చెప్పిన రేణువుల సమీకరణాలకు అందిస్తారు. రెండు చిట్టాలు ఒకదానికొకటి సరిచూసుకుంటూ సాగే లెక్క ఇది.

డబ్బా రేకు సంగతి

ఈ లెక్కలన్నిటికీ పరీక్ష పెట్టే సరుకు శీతల పానీయాల డబ్బా. డబ్బా ఒంటికి వాడే మిశ్రమం 3104. మూతకు 5182. హాట్ మిల్లు నుంచి వచ్చిన రెండు మూడు మిల్లీమీటర్ల 3104 పట్టీని కోల్డ్ మిల్లులో 0.27 మిల్లీమీటర్ల దాకా, అంటే దాదాపు 90 శాతం తగ్గించి, ఆ రేకును గిన్నెగా నొక్కి, గోడను ఇంకా సాగదీసి డబ్బా చేస్తారు. ఆ గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు. చెవి కాస్త లేచినా అంచు చిరిగి, నిమిషానికి వేల డబ్బాలు దిగే లైను నిలిచిపోతుంది.

కోల్డ్ రోలింగ్ వల్ల రేణువులు ఒక తీరున మొగ్గి, రోలింగ్ దిశకు 45 డిగ్రీల కోణంలో చెవులు లేస్తాయి. దీన్ని తప్పించలేరు. అందుకని తెలివిగా, హాట్ మిల్లులోనే దానికి విరుద్ధమైన మొగ్గును, అనగా 0, 90 డిగ్రీల వద్ద చెవులు లేపే మొగ్గును ముందుగా నింపి ఉంచుతారు. దీనికి క్యూబ్ మొగ్గు అని పేరు. తర్వాత కోల్డ్ మిల్లు ఇచ్చే 45 డిగ్రీల చెవులు దీన్ని కొట్టివేసి జమాఖర్చు సరిపోతుంది. హాట్ మిల్లు జమ తగ్గితే కోల్డ్ మిల్లు ఖర్చు మిగిలిపోయి చెవులు లేస్తాయి.

ఆ జమ ఎలా కూడుతుంది? రివర్సింగ్ మిల్లు మొదటి దఫాల్లో విరామాలు పొడుగు, కనుక కొత్త రేణువులు పుట్టడానికి వ్యవధి ఉంటుంది. టాండెం మిల్లులో స్టాండుకూ స్టాండుకూ మధ్య వ్యవధి అతి స్వల్పం, కనుక అక్కడ రేణువులు పుట్టకుండా శక్తి పేరుకుపోతుంది. ఆ శక్తితోనే పట్టీ కాయిల్ అయ్యాక, తన వేడికి తానే, గంటల తరబడి మెల్లగా చల్లారుతూ పూర్తిగా కొత్త రేణువులుగా మారిపోవాలి. ప్రత్యేకంగా కొలిమిలో పెట్టి మెత్తబరచే ఖర్చు అప్పుడు మిగులుతుంది. ముగింపు వేడి తగ్గితే రెండు నష్టాలు. జెడ్ పెరిగి, ఒక మైక్రానుకు మించిన గట్టి కణాల చుట్టూ అస్తవ్యస్తమైన మొగ్గుతో రేణువులు ఎక్కువగా పుట్టి క్యూబ్ వాటా పలచబడుతుంది. ఇంకా తగ్గితే కాయిల్‌లో రేణువులు పూర్తిగా మారకుండా సగంలో ఆగిపోతాయి. పోనీ వేడి బాగా పెంచుదామా అంటే, స్టాండ్ల మధ్యే రేణువులు మారడం మొదలై కూడబెట్టిన శక్తి ముందే ఖర్చవుతుంది, పైగా లోహం రోలర్లకు అంటుకుని పైభాగం పాడవుతుంది. ఈ ఇరుకు సందులో నడిచే దారిని చూపడమే నమూనా చేసే మేలు.

విమానాల పలకలకు ఇందుకు తలకిందులైన నియమం. 7000 వరుస మందపాటి పలకల్లో కొత్త రేణువులు వీలైనంత తక్కువగా పుట్టడమే కావాలి. నలిగిన పాత నిర్మాణం ఉంటేనే పగుళ్ళకు బాగా తట్టుకుంటుంది. అందుకని జిర్కోనియం వంటివి చిటికెడు కలిపి, కంటికి కనిపించని సన్న కణాలతో రేణువుల గోడలకు కళ్ళెం వేస్తారు. నమూనా అదే, అడిగే ప్రశ్న వేరు.

1990ల నాటికి కేవలం అనుభవ సమీకరణాలతో తృప్తి పడక, స్థానభ్రంశాల సంఖ్యనే లెక్కించే నమూనాలు వచ్చాయి. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌కు చెందిన శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిన నమూనాలో క్యూబ్ రేణువులు, గట్టి కణాల చుట్టూ పుట్టే రేణువులు, పాత సరిహద్దుల వద్ద పుట్టేవి అని మూడు ఖాతాలు విడివిడిగా రాస్తారు. డబ్బా రేకుకు కావలసిన లెక్క సరిగ్గా ఇదే. ఐరోపాలో అల్యూమినియం కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా చేపట్టిన పరిశోధన ఫలితాలు యుర్గెన్ హిర్ష్ సంపాదకత్వంలో 2006లో గ్రంథంగా వెలువడ్డాయి. స్లాబు పోత నుంచి ఆఖరి రేకు దాకా ఒక నమూనా ఫలితాన్ని మరొక నమూనాకు అందించే గొలుసు అందులో ఉన్నది. పోటీదార్లయిన కంపెనీలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయంటే దీనిలో సొమ్ము ఎంత ఉన్నదో ఊహించవచ్చు.

నమూనా తప్పేదెక్కడ

కంప్యూటరు చెప్పింది గనుక వేదవాక్కు అనుకోరాదు. సమీకరణాల్లో ఉండే స్థిరాంకాలు ప్రయోగశాలలో చిన్న ముక్కలను నొక్కి రాబట్టినవి. మిల్లులో రోలరుకూ లోహానికీ మధ్య ఒరిపిడి ఎంత, నూనె కలిపిన నీరు ఎంత వేడిని లాగివేస్తున్నది అన్న రెండు అంకెలను నేరుగా కొలవడం బహు కష్టం. వాటిని మిల్లు రికార్డులతో సరిపోయేలా సర్దుకుంటారు. అలా సర్దిన నమూనా ఆ మిల్లుకే చెల్లుతుంది. ఇరవై డిగ్రీల తేడా ఎంత పని చేస్తుందో పైన చూశాం గదా, వేడి లెక్కలో తప్పు పడితే రేణువుల లెక్క ఎంత గొప్పదైనా దండగే. ఇటీవల మిల్లు రికార్డుల గుట్టల నుంచి కంప్యూటరే సంబంధాలు నేర్చుకునే పద్ధతులూ వచ్చాయి. అవి అలవాటైన సరుకుకు చక్కగా పనిచేస్తాయి. కొత్త మిశ్రమం ఎదురైతే, ముఖ్యంగా తుక్కు ఎక్కువగా కరిగించి పోసిన స్లాబుల్లో ఇనుము శాతం మారితే, గట్టి కణాల సంఖ్య మారి పాత అనుభవం పక్కదారి పట్టించవచ్చు. తుక్కు వాడకం పెరుగుతున్న ఈ రోజుల్లో భౌతికశాస్త్రం మీద ఆధారపడిన నమూనాల అవసరం తీరిపోలేదన్నది ఈ విలేఖరి అభిప్రాయం.

మన దేశంలో ఇందుకు సంబంధించిన ఒక విశేషం ఉన్నది. వేల్స్‌లోని రోజర్‌స్టోన్‌లో ఉండిన నోవెలిస్ మిల్లు 2009లో మూతపడింది. ఆ యంత్రాలను హిందాల్కో కొని ఓడల్లో ఒడిశాలోని హిరాకుడ్‌కు తరలించి, డబ్బా రేకు వంటి సరుకు లక్ష్యంగా నెలకొల్పింది. స్టాండ్లను, మోటార్లను ఓడలో వేయవచ్చు. ఒక మిల్లుకు సర్దిన లెక్కల సంగతి వేరు. స్లాబులు, నీరు, రోలర్లు మారిన చోట వాటిని తిరిగి సరిచూసుకోవలసినదే. ఇక్కడ మన రాష్ట్రానికీ సంబంధం లేకపోలేదు. నాల్కో, హైదరాబాదులోని మిధానీ కలిసి నెల్లూరు జిల్లాలో ఉన్నతశ్రేణి అల్యూమినియం మిశ్రమాల కర్మాగారం కోసం 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పరచాయి. రక్షణ, విమాన రంగాలకు కావలసిన రేకు, పలకల విషయంలో యంత్రాల కొనుగోలుతో సమానంగా ఈ లెక్కల కూర్పుకూ కాలం, ఖర్చు కేటాయించవలసి ఉంటుంది.

రేకు కొనేవారికి ఇందులో పనికివచ్చే అంశాలు కొన్ని ఉన్నాయి. నొక్కుడు పనికి వెళ్ళే సరుకైతే ఒప్పందంలో మిశ్రమం, గట్టిదనం, మందంతో పాటు చెవుల శాతానికి గరిష్ఠ హద్దు, రేణువుల సైజుకు హద్దు రాయించుకోవడం మంచిది. చెవుల శాతమంటే గిన్నె అంచులో ఎత్తుకూ పల్లానికీ గల తేడాను పల్లం ఎత్తుతో భాగించి వందతో గుణించినది. పల్లం ఎత్తు 50 మిల్లీమీటర్లు, తేడా ఒక మిల్లీమీటరు అయితే రెండు శాతం. నమూనా ముక్కను కాయిల్ పై చుట్టు నుంచి మాత్రమే తీసుకుంటే చాలదు. కిలోమీటరు పొడవు పట్టీలో మొదట చుట్టినదీ, చివర చుట్టినదీ ఒకే వేడిలో మిల్లు దాటి ఉండవు. పై చుట్టు త్వరగా చల్లారుతుంది, నడుమ చుట్లు ఆలస్యంగా చల్లారుతాయి. వీలైతే రెండు చివరల నుంచి, అంచు నుంచీ మధ్య నుంచీ కూడా ముక్కలు తీయించాలి. పెద్ద లాటుకు ప్రతి కాయిల్ ముగింపు వేడి రికార్డు కూడా అడగవచ్చు. నమూనాతో నడిచే మిల్లులో అది కంప్యూటరులో నమోదై ఉంటుంది గనుక ఇవ్వడం కష్టమేమీ కాదు. వ్యాపార రహస్యమని మిల్లు నిరాకరిస్తే, సరుకు దింపుకునే ముందు గిన్నె నొక్కి చూసే పరీక్ష ఒక్కటే కొనుగోలుదారు చేతిలో మిగులుతుంది.